పికప్‌లు మార్చాలా? ముందు నెక్ పికప్ సంగతి చూడు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కొర్లగుంట. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా దగ్గర తక్కువ ధర ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి ఉంది. పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) మూడు: నెక్ (గిటార్ మెడ) దగ్గర, మధ్యలో సింగిల్ కాయిల్స్, అంటే ఒక్క కాయిల్‌వి, బ్రిడ్జ్ (తీగలు బిగించే చోటు) దగ్గర రెండు కాయిల్స్ ఉండే హమ్‌బకర్. అన్నమయ్య కీర్తనలు, ఇళయరాజా పాటలు ఎక్కువగా వాయిస్తాను, కాలేజీ ఫెస్ట్ వస్తే రాక్ కూడా. రెండు బాధలు. ఇంట్లో ఆంప్ (యాంప్లిఫయర్) ఆన్ చేస్తే గుయ్యిమని ఒకటే మోత. రెండోది, శబ్దం పల్చగా, గీసినట్టు ఉంటుంది, గమకం పట్టుకుంటే స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. అందరూ పికప్‌లు మార్చమంటున్నారు. పదిహేను వేలు కూడబెట్టాను. హై అవుట్‌పుట్ సెట్ మొత్తం కొనేయాలా? చెన్నై వెళ్ళి తెచ్చుకోవాలా? కొంచెం టెన్షన్‌గా ఉంది, చెప్పన్నా.

సమాధానం: తమ్ముడూ, ఆ పదిహేను వేలు ఇంకో రెండు వారాలు అలాగే ఉంచు. నువ్వు రాసిన రెండు బాధలకీ కారణాలు వేరు. రెండింటినీ ఒకే మూటగా కట్టి హై అవుట్‌పుట్ సెట్ కొన్నావంటే మోత ఇంకా గట్టిగా వినిపిస్తుంది, గమకం ఇప్పటికంటే త్వరగా చచ్చిపోయే అవకాశం కూడా ఉంది. నా మాట ముందే చెప్పేస్తాను: నువ్వు వాయించే సంగీతానికి మార్చాల్సింది నెక్ దగ్గరి పికప్ ఒక్కటే, అదీ మితమైన అవుట్‌పుట్ ఉన్నది. దానికంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, వాటికి ఖర్చు పెద్దగా లేదు.

మోత సంగతి మొదట. సెలెక్టర్ స్విచ్‌ని బ్రిడ్జ్ వైపుకి, అంటే హమ్‌బకర్ ఒక్కటే పనిచేసేలా పెట్టి విను. మోత దాదాపు పోయిందనుకో, నీ వైరింగ్ బాగానే ఉంది, మిగతా రెండు సింగిల్ కాయిల్స్ గదిలోని కరెంటు మోతను పట్టుకుంటున్నాయి, అది వాటి స్వభావం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ గుయ్ అనేది 50లోనూ దాని గుణిజాలైన 100, 150లోనూ వినిపిస్తుంది. గిటార్ పట్టుకుని కుర్చీలో కూర్చునే మెల్లగా చుట్టూ తిరిగి చూడు, ఒక దిక్కున మోత బాగా తగ్గి ఇంకో దిక్కున పెరుగుతుంది. అలా మారుతోందంటే అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచో ఆంప్ నుంచో వచ్చే అయస్కాంత క్షేత్రం, ఆంప్‌కి నాలుగడుగులు దూరం జరిగితేనే తేడా తెలుస్తుంది. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, లాప్‌టాప్ చార్జర్, చవక ఎల్‌ఈడీ బల్బు ఒక్కొక్కటీ ఆపి చూస్తూ పో, ఏదో ఒకటి దొరికిపోతుంది.

హమ్‌బకర్ మీద పెట్టినా మోత అలాగే ఉంటే మాత్రం పికప్‌లు మార్చి లాభం లేదు. తీగల మీద చెయ్యి వెయ్యి. మోత తగ్గితే బ్రిడ్జ్‌కి వెళ్ళే ఎర్త్ తీగ పనిచేస్తున్నట్టు, అప్పుడు గిటార్ లోపలి గూడులో రాగి రేకు టేపు అంటించి దాన్ని ఎర్త్‌కి కలిపితే చాలా వరకు అణుగుతుంది (వాల్యూమ్ పాట్, అంటే నాబ్ కింద ఉండే భాగం, దాని సిగ్నల్ కాళ్ళు ఆ రేకుకి తగలకుండా చూసుకో, తగిలితే శబ్దమే రాదు). ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత మోతను మాత్రం ఈ రేకు ఆపలేదు. తీగలు ముట్టుకున్నా ఏ తేడా లేకపోతే బ్రిడ్జ్ దగ్గరి ఎర్త్ తీగ ఊడిపోయి ఉండొచ్చు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక కొన బ్రిడ్జ్‌కి, ఇంకో కొన కేబుల్ గుచ్చే జాక్ బయటి భాగానికి తగిలించు, బీప్ రాకపోతే దోషం దొరికినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి సాకెట్‌లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. మోత తగ్గుతుందని ఎవరైనా చెబితే ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేసే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. లోపల ఏదైనా లోపం వచ్చి ఆ చట్రంలోకి కరెంటు చేరితే దానికి ఎర్త్ దారి లేనప్పుడు దారి నీ చేతులే. ఫెస్ట్‌లో జనరేటర్ మీద నడిచే స్టేజి ఎక్కి, చేతిలో గిటార్ ఉండగా మైక్‌కి పెదవి తగిలించే ముందు సౌండ్ వాళ్ళను ఎర్తింగ్ గురించి అడుగు, మొహమాటపడకు, ఇది ప్రాణం సంగతి.

ఇప్పుడు నన్ను నిజంగా పట్టుకున్న మాట, "గమకం పట్టుకుంటే స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది" అన్నావు చూడు, అది. పికప్‌లో ఉన్నది అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగతో వేల చుట్లు. ఫెండర్ కంపెనీ స్ట్రాట్ గిటార్ తరహా సింగిల్ కాయిల్‌లో ఏడెనిమిది వేల చుట్లు ఉంటాయి. ఉక్కు తీగ ఆ అయస్కాంతం మీద కదిలితే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. అయితే అయస్కాంతం తీగని వినడంతో ఆగదు, తన వైపు లాగుతుంది కూడా. పికప్ మరీ దగ్గరగా ఉంటే ఆ లాగుడుకి తీగ స్వేచ్ఛగా ఊగలేదు, స్వరం త్వరగా ఆరిపోతుంది, లావు తీగ మీద పై ఫ్రెట్‌లలో (మెడ మీది లోహపు మెట్లలో) అయితే శ్రుతి తప్పినట్టు ఒక వణుకు వస్తుంది. నెక్ దగ్గర తీగ ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది కాబట్టి అక్కడే ఈ ఇబ్బంది ఎక్కువ. శబ్దం పెరుగుతుందని చాలామంది పికప్‌ని పైకి ఎత్తేస్తారు, షాపుల్లో కూడా అలా ఎత్తి ఉంచిన గిటార్లు కనిపిస్తాయి.

కాబట్టి చిన్న స్క్రూడ్రైవర్ తీసుకో. లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ మీది ఇనుప బొడిపె దాకా స్కేలుతో కొలువు. సింగిల్ కాయిల్‌కి లావు తీగ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు రెండు మిల్లీమీటర్లు పెట్టి మొదలుపెట్టు. అక్కడి నుంచి నెక్ పికప్‌ని ఇంకో అర మిల్లీమీటరు దింపి కూడా విను. శబ్దం కాస్త తగ్గుతుంది, ఆ తగ్గింది ఆంప్‌లో పెంచుకో. ఒక్కో మార్పు తర్వాత ఒకే కీర్తన, ఒకే సంగతి వాయించి ఫోన్‌లో రికార్డ్ చెయ్, లేకపోతే నిన్నటి శబ్దం ఎలా ఉందో ఇవాళ చెవికి గుర్తుండదు. తీగలు ఎప్పుడు మార్చావో కూడా ఆలోచించు. మన ఎండాకాలంలో చేతి చెమటకి సన్న తీగలు తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు, తుప్పు తీగ మీద జారుడు గమకం గరగరమంటుంది, దానికి ఏ పికప్పూ ఏమీ చెయ్యలేదు.

ఇక గీసినట్టుండే శబ్దం. దీని వెనక వాల్యూమ్ పాట్ ఉండొచ్చు. సింగిల్ కాయిల్స్‌కి మామూలుగా 250 కిలో ఓమ్‌ల పాట్ వాడతారు, హమ్‌బకర్‌కి 500. రెండూ ఉన్న నీలాంటి గిటార్‌లో వాల్యూమ్ నాబ్ ఒక్కటే, చాలా వాటిలో హమ్‌బకర్ కోసం 500 పెట్టి వదిలేస్తారు. పాట్ విలువ పెరిగేకొద్దీ పై స్థాయి శబ్దాలు ఎర్త్‌కి తక్కువ పోతాయి, దాంతో సింగిల్ కాయిల్ చెవిలో గుచ్చినట్టు వినిపిస్తుంది. వెనక మూత తీసి పాట్ మీద ఏముందో చదువు, 500K అని ఉంటే ఒకటి రెండు రూపాయలకు దొరికే 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తెచ్చి స్విచ్ మీద నెక్ పికప్ సిగ్నల్ కలిసే కాలికీ ఎర్త్‌కీ మధ్య అతికించు. 500, 470 పక్కపక్కన కలిస్తే దాదాపు 242 అవుతుంది, అంటే నెక్ పికప్ ఎంచుకున్నప్పుడే దానికి 250 పాట్ ఉన్నట్టు లెక్క, హమ్‌బకర్ ఒంటరిగా మోగేటప్పుడు దాని 500 దానికే ఉంటుంది. ఆ రెసిస్టర్ తిరుపతిలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది, దీనికోసం చెన్నై బస్సు ఎక్కాల్సిన పని లేదు. ఆంప్ కూడా చూసుకో, చిన్న స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్ అయితే కింది స్వరాలు అసలే ఇవ్వదు, ఒకసారి స్నేహితుడి పెద్ద ఆంప్‌లో నీ గిటార్ పెట్టి విన్నాకే పికప్‌ని తప్పుపట్టు.

ఇవన్నీ చేసి రెండు వారాలు వాయించాక కూడా మనసు ఒప్పుకోకపోతే అప్పుడు కొందాం. హై అవుట్‌పుట్ ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పికప్‌ని గట్టిగా మోగించాలంటే చుట్లు పెంచాలి, లేదా బలమైన అయస్కాంతం పెట్టాలి. చుట్లు పెరిగితే వోల్టేజి పెరుగుతుంది గానీ పై స్థాయి శబ్దాలు తగ్గి మధ్యవి ఉబ్బుతాయి. ఎక్కువ డిస్టార్షన్ పెట్టి కొట్టే రాక్‌కి అది బాగుంటుంది, ఎందుకంటే ఆ ఉబ్బే ఆంప్‌ని తోస్తుంది. కానీ కీర్తనలో పల్లవి మెల్లగా ఎత్తుకుని చరణంలో ఒత్తి పలికించే తేడా వేళ్ళ ఒత్తిడిలోంచి వస్తుంది, అవుట్‌పుట్ మరీ ఎక్కువైతే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఆంప్ ఒకేలా అరుస్తుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు ఉండాల్సిన మాండొలిన్‌ని ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ చేసుకుని కర్ణాటక సంగీతం వాయించారు, ఆయన కచేరీలు విను, స్వరం ఎంతసేపు నిలుస్తుందో, ఎంత మెత్తగా మొదలవుతుందో గమనించు. నువ్వు పికప్‌లో వెతకాల్సింది ఆ రెండు గుణాలనే. ఫెస్ట్‌లో రాక్‌కి కావాల్సిన బలం పెడల్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టె) ఇస్తుంది.

అయస్కాంతాల్లో ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రలోహం. ఆల్నికో 5 బలమైనది, శబ్దం స్పష్టంగా ఉంటుంది. ఆల్నికో 2 లాగుడు తక్కువ, మీటు మెత్తగా వినిపిస్తుంది. చవక గిటార్లలో ఎక్కువగా ఉక్కు బొడిపెల కింద సిరామిక్ అయస్కాంతపు బద్ద అంటించి ఉంటుంది. సిరామిక్ అంటే చెడ్డదని కాదు, మంచి పేరున్న పికప్‌లలో కూడా వాడతారు, పేరు చూసి భయపడొద్దు.

నీకు నేను చెప్పేది సింగిల్ కాయిల్ సైజులోనే ఉండే రెయిల్ పికప్. ఆరు బొడిపెల బదులు రెండు పొడవాటి ఇనుప పట్టీలు, లోపల రెండు సన్న కాయిల్స్ ఉంటాయి. కాయిల్స్ రెండు కాబట్టి మోత ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, ఇది గిబ్సన్ గిటార్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన ఆలోచనే, 1957లో గిటార్ల మీదకి వచ్చింది, హమ్‌బకర్ అనే పేరుకి అర్థం కూడా మోతని ఎదిరించేది అనే. నీకు దీంతో ఇంకో లాభం ఉంది. తీగని పక్కకి లాగి గమకం ఇచ్చేటప్పుడు తీగ బొడిపె మీద నుంచి జరిగిపోతుంది, రెండు బొడిపెల నడుమకి వెళ్ళేసరికి శబ్దం కాస్త దిగుతుంది. పట్టీ అయితే ఎంత లాగినా తీగ కింద ఇనుము ఉంటూనే ఉంటుంది. సెమోర్ డంకన్ వాళ్ళ కూల్ రెయిల్స్, డిమార్జియో వాళ్ళ ఎయిర్ నార్టన్ ఎస్ ఈ తరహావే. హాట్ రెయిల్స్ అని ఇంకోటి ఉంది, పేరు దగ్గరగా ఉందని అది తెచ్చుకోకు, అది చాలా ఎక్కువ అవుట్‌పుట్. సింగిల్ కాయిల్ మెరుపు పోకూడదు అనుకుంటే రెండు కాయిల్స్ ఒకదాని కింద ఒకటి పేర్చిన స్టాక్డ్ రకం ఉంటుంది, డిమార్జియో ఏరియా వరస అలాంటిది. నేనైతే నీ కీర్తనల కోసం రెయిల్‌కే ఓటు వేస్తాను. అది పెట్టినప్పుడు ఇందాక చెప్పిన 470 రెసిస్టర్ పీకేయ్, రెయిల్ హమ్‌బకరే కాబట్టి దానికి 500 పాట్ సరిపోతుంది.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌ల జోలికి నువ్వు పోనక్కర్లేదు. వాటికి 9 వోల్టుల బ్యాటరీకి చోటు, 25 కిలో ఓమ్‌ల పాట్‌లు, కొత్త జాక్ కావాలి, మిగతా పికప్‌లతో కలపడం కూడా తలనొప్పి.

కొనేటప్పుడు ఓమ్‌ల అంకె చూసి అవుట్‌పుట్ లెక్కకట్టకు. సన్న తీగతో చుడితే చుట్లు పెరగకపోయినా ఓమ్‌లు పెరుగుతాయి, అయస్కాంతం బలం ఆ అంకెలో కనిపించదు. ఒకే కంపెనీ ఒకే రకం పికప్‌లను పోల్చడానికే అది పనికొస్తుంది. కాకపోతే సరుకు అసలుదో నకిలీదో చూడ్డానికి మల్టీమీటర్ ఉపయోగపడుతుంది, కంపెనీ ఇచ్చిన అంకెకి చాలా దూరంగా ఉంటే అనుమానించాల్సిందే. రాగి వేడెక్కితే నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 7.6 కిలో ఓమ్‌లు ఉన్న పికప్ మన మే నెల 40 డిగ్రీల్లో 8.2 చూపిస్తుంది, ఆ కాస్త తేడాకి షాపువాడితో గొడవ పెట్టుకోకు. ఈ పికప్‌లు దిగుమతి సరుకు, ఒక్కదాని ధరే తక్కువ ధర గిటార్‌లో సగం దాకా ఉంటుంది, అందుకే సెట్ మొత్తం వద్దంటున్నాను. చెన్నై వెళ్ళే పని ఎలాగూ ఉంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి, గిటార్ కూడా పట్టుకుపోయి, షాపులో అలాంటి పికప్ ఉన్న గిటార్ ఏదైనా వాయించి చూడు. సోల్డరింగ్ సామాను రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. పికప్ ఒక్కటే కావాలంటే బిల్లు ఇచ్చే, వాపసు తీసుకునే చోట ఆన్‌లైన్‌లో కొనుక్కున్నా ఫరవాలేదు. మిగిలిన డబ్బుతో మంచి కేబుల్ ఒకటి, రెండు జతల తీగలు తీసుకో.

రేపెప్పుడైనా బ్రిడ్జ్ హమ్‌బకర్ కూడా మారిస్తే తీగల మధ్య దూరం కొలిచి కొను. గిబ్సన్ తరహా కొలతలో మొదటి తీగకీ ఆరో తీగకీ మధ్య సుమారు 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జ్ దగ్గర 52, 53 ఉంటుంది. దానికి సరిపోయేలా వెడల్పు రకం కూడా అమ్ముతారు.

అతికించే పనికి వస్తే, ముందు పాత వైరింగ్‌ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకో. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ స్విచ్ కాళ్ళకి సరిపోతుంది గానీ పాట్ వీపు మీద ఎర్త్ అతికించడానికి చాలదు, అక్కడ వేడి చాలక ఐరన్‌ని నిమిషాల తరబడి ఆనిస్తే పాట్ లోపల కాలిపోతుంది, 40 నుంచి 60 వాట్లది తీసుకుని చప్పున తీసెయ్. కొత్త పికప్‌కి నాలుగు రంగుల వైర్లు, ఒక వట్టి తీగ వస్తాయి. సెమోర్ డంకన్ అయితే నలుపు సిగ్నల్, ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టేయ్, ఆకుపచ్చా వట్టి తీగా ఎర్త్. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, నలుపూ తెలుపూ కలిపేయాలి, ఆకుపచ్చా వట్టి తీగా ఎర్త్. రెండు కంపెనీలవీ కలగాపులగం చేస్తే శబ్దం రాదు, లేదా పీలగా వస్తుంది. అయ్యాక స్విచ్‌ని నెక్, మధ్య పికప్‌లు రెండూ కలిసి మోగేచోట పెట్టు. ముక్కుతో పాడినట్టు, కింది స్వరాలు లేకుండా వినిపిస్తే రెండూ ఎదురెదురు ఫేజ్‌లో, అంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని రద్దు చేసేలా ఉన్నట్టు. కొత్తదాని సిగ్నల్ వైరునీ ఆకుపచ్చ వైరునీ తారుమారు చెయ్, వట్టి తీగ మాత్రం ఎర్త్ మీదే ఉండాలి.

సోల్డరింగ్ చేతకాకపోతే మొబైల్ రిపేరు చేసే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ రంగులు చదివి వినిపించినా చాలు, పని అరగంటలో అవుతుంది. పాత పికప్‌ని పారేయకు, దాని స్క్రూలు, స్ప్రింగులతో సహా కవర్లో పెట్టి దాచు. ఎత్తు సరిచేసి, రెసిస్టర్ పెట్టాక నెక్ పికప్ ఎలా మోగుతోందో రికార్డ్ చేసి పంపు, పాట్ మీద రాసి ఉన్న అంకె కూడా రాయి, కూల్ రెయిల్సా ఎయిర్ నార్టన్ ఎస్సా అనేది అది విన్నాక చెబుతాను.